వెనకాముందూ చూడకుండా

నాచారం,
జూన్ 11.

చంద్రికకు,

ఫోను చేతిలో ఉండగా వదినకు ఉత్తరం పిచ్చి పట్టిందేమిటని నవ్వుతావు. నవ్వు, పరవాలేదు. మన ఇల్లు నీకు తెలియనిదా? రెండు గదులు, మధ్యలో ఒక కర్టెన్. నేను ఫోనులో గుసగుసలాడినా కర్టెన్ అవతలి నుంచి మీ అన్నే జవాబు చెబుతాడు. ఆయన గురించే ఆయనకు తెలియకుండా నిన్నొక మాట అడగాలి. పైగా ఫోనులో మనిద్దరం అసలు సంగతి వదిలేసి మా కావ్య చదువు మీదికీ, చింతచిగురు మీదికీ పోతాం. బడిలో పిల్లలకు లేఖారచన నేర్పే తెలుగు టీచరుని, నేనొక ఉత్తరం రాయలేనా అని కూర్చున్నాను.

ముందు మా తమ్ముడి సంగతి. ఉపేందర్‌కు వారానికి మూడుసార్లు డయాలసిస్ నడుస్తూనే ఉంది. అన్నోజిగూడ నుంచి ఉప్పల్ దాకా వాణ్ణి బస్సులో తేవడం మా అమ్మ వల్ల కావడం లేదని మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఇరవై ఆరేళ్లవాడు గ్లాసుతో కొలుచుకుని నీళ్లు తాగుతుంటే చూడలేకపోతున్నాను. కిడ్నీ మార్చక తప్పదని డాక్టరు తేల్చేశాడు. నా గ్రూపు కలవలేదు. అమ్మకు షుగరు. ఎవరిదైనా దొరికేదాకా పేరు రాయించి ఎదురుచూడమన్నారు.

ఇక నేను అడగాల్సింది. నువ్వు మైసూరులో చేసే పరిశోధన తొందరపాటు మీదనే కదా. తొందరపాటు మీద డాక్టరేటు తీసుకోవడానికి ఇన్నేళ్లా అని మీ అన్న ఎప్పుడూ వేళాకోళం చేస్తాడు. మరి మీ అన్నలాంటి మనిషిని మీ శాస్త్రం ఏమంటుంది? పెళ్లిచూపుల్లో నేను చాయ్ పళ్లెం కింద పెట్టకముందే "నాకు ఇష్టమే" అని పెద్దవాళ్ల ముందు అనేసిన మనిషి. మొన్నటి ఇంటి యజమానితో మాటకు మాట పెరిగి, "రేపే ఖాళీ జేస్తం" అని, నడి వానాకాలంలో మంచాలు నెత్తిన పెట్టించిన మనిషి. ఇంట్లో నిక్షేపంలాంటి ఫ్రిజ్ ఉండగా, ఎవరో ఊరు వదిలి పోతున్నారని జాలిపడి ఇంకొకటి కొనుక్కొచ్చాడు. అది ఇప్పుడు బట్టల బీరువా.

అలాంటి మనిషి ఒక పెద్ద మాట అంటే దాని మీద బరువు పెట్టవచ్చా? తీరా అంతా అయ్యాక అయ్యో అనుకుంటాడా? ఇది ముందే తెలుసుకునే ఉపాయం మీ దగ్గర ఉందా? ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడే అడగకు.

నీ వదిన,
కల్పన


మైసూరు,
జూన్ 22.

వదినా,

నీ ఉత్తరం హాస్టల్లో పెద్ద వింత అయింది. కవరు మీద నీ గుండ్రటి అక్షరాలు చూసి ఇది అచ్చు వేశారా, రాశారా అని పక్క గది అమ్మాయి అడిగింది. నేను చాలా గర్వపడ్డాను.

అన్న సంగతి అడిగావు. మన బస్తీలో పాత సామెతే ఉంది కదా, ఆగయ్య కొడుకు ఆగడని. నాన్న పేరు పెట్టి మరీ వెక్కిరించేవాళ్లు. నేను ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నానని మా గురువు సూర్యకళగారు ఇంటర్వ్యూలో అడిగితే, మా అన్న వల్లనండి అన్నాను. ఆమె నవ్వి సీటు ఇచ్చేసింది.

మావాళ్లు మొదట నేర్పేది తొందరపాటు ఒకటి కాదని. ఆలోచన కుదురుగా నిలవకపోవడం ఒకటి, చెయ్యి ముందుకు పోవడం ఒకటి, రేపటిని లెక్కచేయకపోవడం ఇంకొకటి. కొలవడానికీ మూడు దారులు. ఒకటి, నువ్వెలాంటివాడివని మనిషినే అడగడం. దానికి ప్రశ్నల కాగితం ఉంటుంది. రెండు, చేతిని పరీక్షించడం. ఫోను తెర మీద పచ్చ గుండ్రం కనబడితే తాకాలి. ఒక్కోసారి పచ్చ చటుక్కున ఎర్రగా మారుతుంది, అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. బయలుదేరిన చేతిని ఆపుకోవడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో అది లెక్క కడుతుంది. మూడు, ఎంపిక. ఇప్పుడే ఐదు వందలు కావాలా, మూడు నెలలాగి వెయ్యి తీసుకుంటావా అని.

చిత్రం ఏమిటంటే ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. కాగితం మీద మహా తొందరవాడని తేలినవాడు ఎర్ర గుండ్రం దగ్గర బుద్ధిగా ఆగుతాడు. ఎందుకలా అని ప్రపంచమంతా తలలు పట్టుకుని కూర్చుంది. ఒక మనిషిలోని ఒక్క గుణాన్ని పట్టుకోవడానికి ఇంతమంది ఇన్నాళ్లు ఓపిక పట్టారే అని నాకు ముచ్చటేస్తుంది.

మా అన్ననే చూడు. ఇంట్లో ఒక్క నిమిషం నిలవడు. అదే షాపులో మోటారు వైండింగ్‌కు కూర్చున్నాడంటే, సన్నటి రాగి తీగ ఒక్కొక్క చుట్టూ లెక్క తప్పకుండా చుడుతూ పూట గడిపేస్తాడు. నేను డిగ్రీ చదివే రోజుల్లో అన్నం డబ్బా తీసుకుపోయి ఆ పక్కన కూర్చునేదాన్ని. పలకరిస్తే వేలు ఎత్తి ఆగమనేవాడు. మా లాబ్‌లో అంత ఓపికగల మనిషి ఒక్కరూ లేరు.

కాగితాలు ఈ కవర్లోనే పెట్టాను. ఫోను ఆట లింకు నీకు విడిగా పంపుతాను. ప్రశ్నలు ఇంగ్లీషువి, తెలుగులోకి తెచ్చింది నేనే. మన మాటల్లా ఉండాలని చాలా కష్టపడ్డాను. చదివి మెచ్చుకో, టీచరమ్మా.

ఇంతకీ అన్న ఈసారి ఏం కొన్నాడు?

చంద్రిక


నాచారం,
జూలై 6.

చంద్రికకు,

పరీక్ష జరిగింది. చెల్లె చదువుకు అవసరం అంటే మీ అన్న పెన్ను జేబులోంచి తీసి సిద్ధంగా కూర్చున్నాడు. ప్రశ్న పూర్తిగా చదవకుండానే టిక్కులు పెడుతుంటే నేనే ఆపి, ఒక్కొక్కటి బయటికి చదివి వినిపించాను. "నేను వెనకాముందూ చూడకుండా పనులు చేస్తాను" అనే దగ్గర మాత్రం నా చేతిలోంచి కాగితం లాక్కుని, 'ఎల్లప్పుడూ' అన్న గడిలో పెన్ను తిప్పి తిప్పి నల్లగా దిద్దాడు. అదే మాట ఇంకో మూడు ప్రశ్నల్లోనూ ఉంది. అన్నింటికీ అదే జవాబు.

ఫోను ఆటలో ఆయనే నెగ్గాడు. ఎర్ర గుండ్రం వచ్చిన చాలాసార్లు వేలు గాలిలోనే ఆగింది. నేను మాత్రం ఎరుపు చూసి కూడా తాకేశాను. ఇంట్లో నేనే నెమ్మదస్తురాలినని పేరు, పరువు పోయింది. డబ్బు ప్రశ్నల్లో ప్రతిసారీ ఇప్పుడే ఇమ్మన్నాడు. మూడు నెలల తర్వాత చంద్రిక ఎక్కడుంటదో, నేనెవరిని అడగాలె అన్నాడు.

ఇక దాచను. ఆయన ఏం కొన్నాడని అడిగావు. కొనలేదు, ఇస్తానన్నాడు.

మే నెలాఖరున డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి ఉపేందర్ సంగతి చెబుతున్నాడు. ఇంట్లోవాళ్లలో గ్రూపు కలిసినవాళ్లు ఎవరైనా ఉంటే అని ఆయన ఇంకా వాక్యం పూర్తి చేయలేదు. మీ అన్న, "నాది తీస్కోన్రి సార్" అన్నాడు. పక్కింటివాళ్లు నిచ్చెన అడిగితే ఇచ్చినట్టు అన్నాడు. డాక్టరు రక్తపరీక్షకు రాసిచ్చాడు. గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలూ బాగానే ఉన్నాయి.

బావ బామ్మర్దికి ఇవ్వాలంటే చట్టం ప్రకారం సొంత రక్తసంబంధం కిందికి రాదట. అందుకని ఒక కమిటీ పిలిచి అడుగుతుంది. ఇష్టపూర్వకంగా ఇస్తున్నాడా, ఎవరైనా బలవంతం చేశారా, బాగా ఆలోచించాడా అని. భార్యను కూడా అడుగుతారు. నేను సరేనంటే నా మొగుడి ఒంట్లోంచి కిడ్నీ తీస్తారు. కాదంటే నా తమ్ముడు ఆ మిషన్ మీదనే ఉంటాడు. ఎన్నాళ్లుంటాడో నాకు తెలియదు.

కాగితాలు ఇందులో పెట్టాను. నువ్వు చదివి, మీ అన్న మాట నమ్మవచ్చో లేదో చెప్పు.

కల్పన


మైసూరు,
జూలై 15.

వదినా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను. మూడోది ఎలా ఉన్నా పంపేస్తాను.

నువ్వు నాకు ముందే చెప్పాల్సింది. నేను ఇకిలించుకుంటూ మోటారు వైండింగ్ కబుర్లు రాస్తుంటే, అక్కడ నువ్వు మా అన్న కిడ్నీ గురించి అడుగుతున్నావు. అమ్మానాన్న పోయాక నాకున్నది వాడొక్కడే. కావ్యకు తండ్రి వాడు. రోజంతా నిలబడి, బరువులెత్తి బతికే మనిషి.

కాగితం లెక్క కట్టాను. నేను ఇప్పటిదాకా పరీక్షించినవాళ్లలో అంత ఎక్కువ మార్కు ఎవరికీ రాలేదు. నా చదువు చెబుతున్నది ఇదీ: ఈ మనిషి ఇంత పెద్ద నిర్ణయం ఇలా తీసుకోకూడదు. కావాలంటే ఆ కమిటీకి నేనే రాసిస్తాను.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు అడిగావా?

చంద్రిక


నాచారం,
జూలై 24.

చంద్రికా,

అడగలేదు. అడుగుదామని మాత్రం ఉపేందర్‌కు మొదటిసారి డయాలసిస్ పెట్టిన రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఆయన గ్రూపు ఏమిటో లైసెన్సు మీద చూసి పెట్టుకున్నది కూడా నేనే. అన్నం వడ్డిస్తూ ఒకసారి, బట్టలు మడతపెడుతూ ఒకసారి నోటిదాకా వచ్చింది. నోరు రాలేదు. నేను అలా వెనకా ముందూ చూసుకుంటూ ఉండగానే ఆయన అనేశాడు. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. తర్వాతే భయం వేసింది. నా మొహం చూసి అన్నాడేమో, నేను అడిగినట్టే అయిందేమో అని నీకు రాశాను. ఇంతకన్నా నిజం నా దగ్గర లేదు.

నీ కోపానికి నేను బాధపడలేదు. ఆడబిడ్డకు ఆ మాత్రం కోపం రాకపోతే నేనే తప్పు పట్టేదాన్ని. కానీ కమిటీకి రాసే ముందు ఒక సంగతి విను. ఇది తెలుగు టీచరుగా చెబుతున్నాను.

ఆ ఒక్క ప్రశ్న దగ్గర కాగితం ఎందుకు లాక్కున్నావని మీ అన్నను అడిగాను. మంచిమాట రాశారు కాబట్టి గట్టిగా దిద్దానన్నాడు. అదేం మంచిమాట అన్నాను. నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసి, "మంచోని గురించి ఏమంటరు? ఎనకముందు సూడకుండ ఉరికొచ్చిండు అనరా? ఎనకముందు సూసుకుంట కూసునేటోడు మనిషేనా?" అన్నాడు.

నీ కాగితం పట్టుకుని మా వీధిలో పాలు పోసే సత్తమ్మను అడిగాను, బడిలో ఆయాను అడిగాను. వెనకాముందూ చూడకుండా చేస్తారా అంటే ఇద్దరూ తలెత్తి, చేస్తామని గొప్పగా చెప్పారు. సత్తమ్మయితే తన మరిది అంబర్‌పేట్‌లో యాక్సిడెంట్ అయి పడితే తాను ఎలా ఉరికిందో కథంతా చెప్పింది. నువ్వు తప్పు అనుకుని అడిగావు. వీళ్లు మెప్పు అనుకుని ఒప్పుకుంటున్నారు. పుస్తకాల్లో ఆ మాటకు ఉన్న అర్థం ఒకటి, మన నాచారంలో ఉన్న అర్థం ఒకటి.

నువ్వు ఇక్కడ పుట్టినదానివి. నీకు గుర్తుకు రాకపోవడమే నాకు వింతగా ఉంది.

నీ వదిన


మైసూరు,
ఆగస్టు 8.

వదినా,

నీ ఉత్తరం సూర్యకళగారికి చదివి వినిపించాను. నువ్వు అడగలేదన్న పేరా మాత్రం దాచుకున్నాను, అది నాది. మిగతాది విని ఆమె లేచి వెళ్లి నా పాత కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టింది. ఉప్పల్, నాచారం వాళ్లు నింపినవన్నీ విడిగా తీశాం. ఆ నాలుగు ప్రశ్నల్లోనూ 'ఎల్లప్పుడూ' అన్నవాళ్లు మిగతా ప్రశ్నల్లో ఏమాత్రం తొందర మనుషులు కారు. ఇంతకాలం నా కళ్ల ముందే ఉంది. ఏదో తేడా అని పక్కన పెట్టాను. వదినా, మెచ్చుకోమని పంపితే నువ్వు నా థీసిస్‌కు మరమ్మతు చేశావు. ఆ నాలుగూ తీసేసి లెక్క కడితే అన్న మార్కు చాలా దిగింది. తొందర మనిషే, కాదనను. ఇల్లు ఖాళీ చేయించిన నోరు ఎక్కడికి పోతుంది? కానీ నేను రాసినంత మనిషి కాదు.

కమిటీకి రాస్తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. భయంతో అన్నాను. దానికి చదువును అడ్డం పెట్టుకున్నాను.

చేతికి దొరికినదల్లా చదివాను. తమవాళ్లకు కిడ్నీ ఇచ్చినవాళ్లను, ఎప్పుడు నిర్ణయించుకున్నారని అడిగిన పరిశోధనలు ఉన్నాయి. చాలామంది, ఆ మాట చెవిన పడగానే అన్నారట. కూడికలు తీసివేతలు వేసి తేల్చుకున్నవాళ్లు తక్కువ. చేటు తెచ్చే తొందర వేరు, మేలు చేసే తొందర వేరు అని మావాళ్లలోనే కొందరు ఎప్పటినుంచో అంటున్నారు. ఇవన్నీ వేలమంది లెక్కలు. ఒక్క మా అన్న రేపు ఏమనుకుంటాడో చెప్పే పరీక్ష మాత్రం నా దగ్గర లేదు. ఉందని చెప్పి నిన్ను మోసం చేయలేను.

ఒక ఉపాయం మాత్రం చెబుతాను. వేడిలో పలికిన మాట వేడి తగ్గితే చల్లబడుతుంది. కాబట్టి వేడి లేనప్పుడు అడుగు. విసుగ్గా ఉన్నప్పుడు అడుగు, ఆకలి మీద ఉన్నప్పుడు అడుగు, ముఖ్యంగా ఉపేందర్ మీద మండిపడుతున్నప్పుడు అడుగు. వద్దంటే తప్పించుకోవడానికి దారి కూడా నువ్వే చూపించు. జవాబు మారుతుందేమో చూడు.

మారాలని నాకు లోపల ఎక్కడో ఉంది. అదీ రాస్తున్నాను.

చంద్రిక


నాచారం,
అక్టోబర్ 5.

చంద్రికకు,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే నీ ఉపాయం నడిపిస్తున్నాను. బిల్లు కట్టని గిరాకీతో కొట్లాడి వచ్చిన రోజు అడిగాను. స్టేడియంలో మ్యాచ్ ఉండి, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఎండకు మాడి వచ్చిన రోజు చెప్పులు విప్పకముందే అడిగాను. పనిలో నడుం పట్టేసి మంచం మీద మూలుగుతున్నప్పుడు, కిడ్నీ తీశాక బరువులు ఎత్తొద్దంటారు, షాపు మూసుకోవాల్సి వస్తుంది, ఇంకొకసారి ఆలోచించు అన్నాను. మొదట్లో ఇస్త అన్న కదా అనేవాడు. తర్వాత తర్వాత జవాబు కూడా ఇవ్వకుండా, నన్ను సతాయించడం తప్ప నీకు పని లేదా అని విసుక్కుంటున్నాడు.

అసలు పరీక్ష పోయిన ఆదివారం జరిగింది. ఉపేందర్ ఎవరికీ చెప్పకుండా కొబ్బరిబోండం తాగాడు. ఆ నీళ్లలోని పొటాషియం వాడికి విషంతో సమానం. అర్జెంటుగా ఆసుపత్రికి తీసుకుపోతే మిషన్ మీద పెట్టారు, గండం గడిచింది. ఇంటికి వచ్చాక మీ అన్న ఇల్లు పీకి పందిరేశాడు. నేను ఒళ్లు కోసి ఇస్తానంటే నువ్వు బోండాలు తాగుతావా అన్నాడు. వాడికీ రోషం వచ్చి, "నీ కిడ్నీ నాకేమొద్దు బావా, నీ దగ్గర్నే ఉంచుకో" అన్నాడు. ఇద్దరూ ఎడమొగం పెడమొగం. ఒకడు తింటుంటే ఒకడు బయట కూర్చుంటాడు.

మర్నాడు షాపుకు పోయి, చేతిలో వైండింగ్ పని లేనప్పుడు చూసి అడిగాను. వాడే వద్దన్నాడు కదా, ఇప్పుడు నువ్వు మానుకున్నా ఎవరూ ఏమీ అనరు అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "ఆనితోని మాట బంద్. కిడ్నీ సంగతి వేరే" అన్నాడు.

నేను నవ్వలేక ఏడవలేక తిరిగి వచ్చాను. పదకొండేళ్లు ఈ మనిషితో కాపురం చేసి, ఆయన నోటిదూకుడుతో వేగలేక చస్తున్నానని అందరికీ చెప్పుకున్నదాన్ని. ఇంత గొప్పవాడని నాకు ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో తెలియదు. అయినా భయం పోలేదు. నా తమ్ముడి కోసం నేను నా మొగుణ్ణి ఖర్చు పెడుతున్నానా అని గుండె పీకుతూనే ఉంది.

నవంబరులో కమిటీ పిలుస్తుందట. నన్ను అడిగితే ఏం చెప్పాలి?

కల్పన


మైసూరు,
అక్టోబర్ 14.

వదినా,

ఏం చెప్పాలో నేను చెప్పను. చెబితే అది నా మాట అవుతుంది. నీకు భయంగా ఉందన్న సంగతి మాత్రం అక్కడ దాచకు. ధైర్యస్తురాలిలా కనబడాలని చూడకు. వాళ్ల ముందు అన్నను నువ్వు ఎలా చూస్తావో అలాగే చూడు.

"ఆనితోని మాట బంద్" అన్న వాక్యం నా గది గోడకు రాసి పెట్టుకున్నాను. ఇంత మంచి పరీక్ష మా లాబ్‌లో ఎవరూ చేయలేదు వదినా. నువ్వూ గొప్పదానివే.

చంద్రిక


నాచారం,
నవంబర్ 19.

చంద్రికకు,

ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాం. చీర కూడా మార్చుకోకుండా కూర్చుని రాస్తున్నాను.

బల్లకు అవతల ఐదుగురు ఉన్నారు. ముందు మీ అన్నను అడిగారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన మర్యాదస్తుడు. ఈ నిర్ణయానికి రావడానికి ఎంతకాలం ఆలోచించారు నాగేందర్‌గారూ అన్నాడు. ముందురోజే మీ అన్నకు చెప్పాను, బాగా ఆలోచించానని చెప్పమని. ఆయన, "ఆలోచించలే సార్. డాక్టర్ సాబ్ అన్నడు, నేను ఇస్త అన్న" అన్నాడు. ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ ఏదో రాసుకుంది. ఇక అనుమతి రాదనుకున్నాను.

తర్వాత నన్ను అడిగారు. మీ ఆయన ఆలోచించలేదంటున్నారు, మీరేమంటారు అని. చెప్పవలసినవన్నీ నేను నెల రోజులుగా మనసులో రాసుకుని, దిద్దుకుని, కంఠతా పట్టి పోయాను. మీ చదువులో మేలు చేసే తొందర అంటారట, అది కూడా చెబుదామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు. నేను వాళ్లవైపు కాకుండా ఆయన వైపు తిరిగాను. "సూడు, నువ్వు వద్దంటే నేనేం అనుకోను. జిందగీల ఎన్నడు అనను. ఇంటికి పోదాం పా" అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చాయో ఆ మాటలు నాకు తెలియదు. ముందూ వెనకా ఏమీ చూడలేదు. బయట బెంచీ మీద నా తమ్ముడు కూర్చుని ఉన్నాడు, చంద్రికా. వాడు వినేంత దూరంలోనే ఉన్నాడు.

మీ అన్న జవాబు చెప్పలేదు.

అంతవరకూ ఆయన మాట్లాడకుండా ఉండడం నేను చూడలేదు. తిట్టినా, పొగిడినా, చాయ్ కావాలా అన్నా, అవతలివాళ్ల మాట పూర్తికాకముందే జవాబు ఉంటుంది. అలాంటిది నన్నే చూస్తూ కూర్చున్నాడు. వద్దంటాడేమోనని భయపడ్డాను. వద్దంటే బాగుండునని కూడా అనిపించింది. రెండూ నిజమే, ఒకటే సమయంలో. పెద్దాయన తొందరపెట్టకుండా కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉన్నాడు.

అప్పుడు మీ అన్న ఆయన వైపు తిరిగి, "ఇప్పుడు ఆలోచించిన సార్. ఇస్త" అన్నాడు.

పెద్దాయన కాగితం ముందుకు జరిపాడు. మీ అన్న సంతకం చేశాడు, పక్కన నేనూ చేశాను. నా గుండ్రటి అక్షరాలన్నీ వంకరపోయాయి.

మెట్లు దిగుతూ అడిగాను, అంతసేపు ఏం ఆలోచించావని. కిడ్నీ గురించి కాదన్నాడు. నీ తమ్ముడు బయట కూసున్నడు, నువ్వు ఆ మాట ఎట్ల అనగలిగినవా అని సూస్తున్న అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆసుపత్రి గేటు దగ్గర ఆటోవాళ్లందరూ చూస్తున్నారు, అయినా ఆగలేదు.

ఆపరేషను డిసెంబరు రెండో వారంలో అన్నారు. నువ్వు రా. ముందే వచ్చి మీ అన్న దగ్గర ఉండు.

నీ వదిన


మైసూరు,
డిసెంబర్ 28.

వదినా,

హాస్టలుకు చేరుకున్నాను. నువ్వు కట్టిచ్చిన సకినాలు పక్క గదికి పంచాను. అన్న కుట్లు ఆరుతున్నాయని ఫోనులో విన్నాను. ఇంటి పట్టున కూర్చోలేక కావ్య బొమ్మలన్నీ విప్పి బాగుచేస్తున్నాడట. చేయనీ. మూడు నెలలు బరువులు మాత్రం ముట్టనివ్వకు.

ఆ నాలుగు ప్రశ్నలు మార్చేశాను. ఇప్పుడు, "తొందరలో చేసి తర్వాత బాధపడే పనులు నాకు ఎక్కువ" అని అడుగుతున్నాను. ఆ కొత్త కాగితం పట్టుకుని అన్న దగ్గరికి పోవాలని మాత్రం నాకు అనిపించలేదు. థీసిస్‌లో కృతజ్ఞతల దగ్గర నీ పేరు రాశాను. ఏమి చేసినందుకో రాయడానికి చోటు చాలలేదు.

ఒక సంగతి నీకు చెప్పకుండా వచ్చేశాను. అక్కడ చెబితే ఇద్దరం ఏడ్చేవాళ్లం, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆపరేషను రోజు సాయంత్రం నువ్వు ఉపేందర్ వార్డు బయట ఉన్నావు. కొత్త కిడ్నీ పనిచేస్తే మూత్రం వస్తుంది, అదొక్కటే గుర్తు అని డాక్టరు చెప్పాడు కదా. నెలల తరబడి చుక్క రాని మనిషికి ఆ ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పడుతుంటే, మీ అమ్మ సాలమ్మత్త గాజు కిటికీలోంచి దానికి రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను అది చూసి పరిగెత్తుకుంటూ అన్న దగ్గరికి వచ్చాను.

అన్నకు అప్పుడే మత్తు దిగుతోంది. నర్సు రెండుసార్లు పేరు పిలిచింది. మూడోసారికి కళ్లు సగం తెరిచాడు. పెదాలు ఎండిపోయి మాట పెగలడం లేదు. నొప్పిగా ఉందా అని ఆమె అడిగింది. నన్ను గుర్తుపట్టి వేలితో దగ్గరికి రమ్మన్నాడు. నీళ్లు అడుగుతాడేమోనని చెవి ఆనించాను.

"బామ్మర్ది ఉచ్చ పోసిండా?" అన్నాడు.

పోసిండన్నా, సంచి నిండింది అన్నాను. సరే అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

చంద్రిక